రాణి మెడకు గంజి పెట్టిన మనిషి

కార్యదర్శి గారూ, ‘మామా’ అంటే మామయ్య కాదు.

మొన్న శుక్రవారం సంతాప సభలో మీరు మైకు పట్టుకుని, “పాపం, ఎంత అమాయకురాలంటే, బళ్ళో గోడ మీదున్న ఇంగ్లండు రాణి పటాన్ని చూసి కూడా మామా అనేదట, ఆడో మగో తెలిసేది కాదు” అన్నారు. హాల్లో సగం మంది నవ్వారు. మీరు పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నారు. కువైటీ ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళు యజమానురాలిని మామా అని పిలుస్తారన్న సంగతి ఈ పన్నెండేళ్ళలో మీ చెవిన పడలేదంటే, ఆ ఆడవాళ్ళతో మీరు ఒక్కసారైనా కూర్చుని మాట్లాడలేదని అర్థం. ఆమె రాణిని మగవాడనుకోలేదు. యజమానురాలనుకుంది. ఈ మాట సభలోనే లేచి చెప్పాల్సింది, చెప్పలేదు. మోకాళ్ళ నొప్పి వల్ల లేవలేకపోయానని ఇంటికొచ్చాక నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మోకాళ్ళకూ నోటికీ ఏం సంబంధమో ఇప్పటికీ తెలియలేదు.

మన సంఘం పత్రిక చదివే మిగతావాళ్ళకు మొదటినుంచి చెబుతాను. నేను చరిత్ర పాఠాలు చెప్పిన బడిలో ఆయాగా పనిచేసినామె పోయింది. మంగళవారం పొద్దున ఫింటాస్‌లో మా అమ్మాయి ఇంట్లో కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. జహ్రాలో ఆమెతో ఒకే గదిలో ఉండే జగిత్యాల అమ్మాయి.

“మేడం, అక్క పోయింది. బస్సు టైమైతుందని లేపిన, లేవలే. చాయ్ గూడ పోసి పెట్టిన. ఆ చాయ్ గట్లనే ఉన్నది మేడం, ఏం జెయ్యాలె?”

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సామ్రాజ్యాలు ఎలా కూలాయో కారణాలతో సహా చెప్పినదాన్ని. ఆ కప్పు టీ ఏం చేయాలో చెప్పలేకపోయాను.

ఆమెది రాజంపేట దగ్గర పల్లె. ఈ దేశం వచ్చాక పదకొండేళ్ళు జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసింది; వీసా ఇచ్చే ఇంటి యజమానిని ఇక్కడ కఫీలు అంటారు. వంట కాదు, పిల్లలు కాదు, బట్టలు. ఉతకడం, ఇస్త్రీ, కుట్టు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఏడుగురు. ఏడుగురికీ రోజూ తెల్లటి తలగుడ్డ, అంచు కత్తిలా నిలబడాలి. ఆ నిలబెట్టేది గంజి. గంజిని వీళ్ళు నిషా అంటారు. వచ్చిన మూడోరోజున మామా ఆమెను పిలిచి, కొట్టుకెళ్ళి నిషా తీసుకురమ్మంది. మందు చుక్క దొరికితే జైలని విమానంలో పక్క సీటామె చెప్పి ఉంది. ఈమె వంటింట్లో మూల కూర్చుని ఏడుపు. “పొట్టకూటికి వస్తినమ్మా, నిషా నేను తేను” అని తెలుగులో మొరపెట్టుకుంటే, ఆ మామాకు ఈ పిల్ల గంజిని చూసి ఎందుకు ఏడుస్తోందో అర్థం కాలేదట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది. నవ్వి, “ఆ పొద్దు నాకు అరవం తెలిసినంత గూడా అరబ్బీ తెలీదు మేడమ్మా” అనేది.

ఆ ఇంటివాళ్ళు ఖలాస్, ఇక నీతో పని లేదు, అన్నాక బడిలో ఆయాగా చేరింది. ఆమెకు అప్పగించిన వాటిలో నా చరిత్ర గది ఒకటి. ఆ గది గోడ మీద ఇంగ్లండు రాజులూ రాణులవి పన్నెండు పటాలు ఉండేవి. అసలు చిత్రాలు కావు, అచ్చువేసి ఫ్రేము కట్టినవి. దేశం వదిలి వెళ్ళిపోతూ ఒక ఇంగ్లీషు కుటుంబం, మోసుకెళ్ళడం బరువని మా బడికి దానం చేసింది. మనల్ని పిండుకుతిన్నవాళ్ళ మొహాలు మన పిల్లల నెత్తిన ఎందుకని నేను ప్రిన్సిపాల్ గారిని అడిగాను. గోడ ఖాళీగా ఉంది కదా మేడం అన్నారు. మన దేశాన్ని వాళ్ళు తీసుకున్నప్పుడు కూడా ఎవరో ఇలాంటి సమాధానమే చెప్పి ఉంటారు.

చేరిన వారానికి ఆమె మొదటి ఎలిజబెత్ పటం ముందు గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. మీరు చూసే ఉంటారు: ఒళ్ళంతా ముత్యాలు, మెడ చుట్టూ పళ్ళెమంత తెల్లటి కుచ్చుల పట్టీ, దాని మీద వడ్డించినట్టు తల.

“మేడమ్మా, ఈ మామా మెడకు గంజి ఎవురు పెట్టినారు?”

“నాకేం తెలుసు?”

“బుక్కులో రాయలేదా?”

“లేదు.”

“యుద్ధం ఎవురితో చేసిందో రాసినారా?”

“రాశారు.”

“గంజి లేకుంటే ఆ మెడపట్టీ తడిసిన అప్పడం మాదిరి వాలిపోతాది. వాలిపోయిన మెడతో యుద్ధం చేయమని చెప్తే ఎవురు ఇంటారమ్మా?”

నాకు కోపం వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ బొమ్మను చూపించి ఆ రాణి నౌకాదళం గురించి చెబుతున్నాను. ఆ పట్టీ ఎలా నిలబడిందన్న ప్రశ్న నాకు రాలేదు, నాకు చదువు చెప్పినవాళ్ళకూ రాలేదు. ఆ సాయంత్రం పుస్తకాలు తిరగేస్తే జవాబు దొరికింది. ఇంగ్లండులో అలా గంజి పెట్టడం మొదట్లో ఎవరికీ సరిగా రాదట. సముద్రానికి అవతలి ఒడ్డునుంచి, డచ్చి దేశాల వైపునుంచి, పొట్ట చేతపట్టుకు వచ్చిన ఆడవాళ్ళు నేర్పారట. మర్నాడు ఆమెకు చెప్పాను. గుడ్డ పిండుతూ, “చూస్తివా, అప్పుడు గూడా మావోళ్ళే” అంది.

కార్యదర్శి గారూ, మీరు అమాయకురాలన్నది ఈమెను.

మామా అని ఎందుకంటున్నావని నేనూ ఒకసారి అడిగాను. పటంలో చేతుల దగ్గర వేలు పెట్టి చూపించింది. “చూడమ్మా, ఒక్క గాటు ల్యా. సూది గుచ్చుకోలే, సబ్బు తినలే, ఇస్త్రీ కాల్లే. ఈ చేతులు పని చెప్పే చేతులు. పేరేదైతే ఏమి, మామానే.” తర్వాత నేను చదివాను, ఆ రాణికి తన చేతులంటే మహా మక్కువట, బొమ్మల్లో కనబడేట్టు పెట్టించుకునేదట. పండితులు పుస్తకం రాసి చెప్పినదాన్ని ఈమె తడిగుడ్డ పట్టుకుని చెప్పింది.

ఎనిమిదో హెన్రీని ఆమె పట్టించుకునేది కాదు. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ ఆ మనిషి చొక్కా చీలికల్లోంచి లోపలి తెల్లబట్ట ఎలా లాగారో చూసి, “పని ఒకరిది, పొగరు ఒకరిది” అని పక్కకు జరిగేది. కానీ అతని నాలుగో పెళ్ళాం, క్లీవ్స్ నుంచి వచ్చిన ఆన్, ఆ పటం దగ్గర ఆగేది. ఆ కథ పిల్లలకు చెబుతుంటే వసారా తుడుస్తూ విన్నది. రాజు మనిషిని చూడకుండా చిత్రకారుడు గీసిన బొమ్మ చూసి పెళ్ళికి ఒప్పుకున్నాడు; పిల్ల వచ్చాక నచ్చలేదన్నాడు. గంట కొట్టాక లోపలికొచ్చింది.

“నన్ను గూడా ఆఫీసులో ఫొటో చూసే తీసుకునిరి మేడమ్మా. ఏజెంటు పెట్టుకున్యాడు బుక్కు, అందరి ఫొటోలు అందులో. వచ్చినాక మామా నన్ను కిందికీ మీదికీ చూసి, ఫొటోలో పొడుగుండె, ఇది పొట్టిగుండాదే అనె.”

“మరి ఏమైంది?”

“ఏమైతాది? ఈమెను గూడా తల తీయలేదు గదా, ఇల్లిచ్చి పక్కన పెట్టిరి గదా. అదృష్టవంతురాలు. నన్ను ఉతుకు మీద పెట్టిరి.”

ఒక పటంలో మొదటి చార్లెస్ మూడు మొహాలతో ఉంటాడు. ఎదురుగా, పక్కగా, కొంచెం వారగా. శిల్పం చేసేవాడికి కొలతకు పంపడానికి గీయించారని పిల్లలకు చెబుతాను. ఆమె దాన్ని సివిల్ ఐడీ ఫొటో అనేది. “రాజుకైనా తప్పలేదు చూడు” అని సంబరం. విక్టోరియా ముందు మాత్రం నేనే ఆగి తిట్టేదాన్ని. మనల్ని ఇన్నేళ్ళు ఏలి, ఒక్కసారైనా మన గడ్డ మీద కాలు పెట్టలేదని ఒకసారి పళ్ళు కొరికితే, ఆమె తాపీగా, “మా కఫీలు ఇంట్లో పదకొండేండ్లు ఉంటి. మీ ఊరి పేరేందని ఒక్కరు అడగలా. ఏలేవోళ్ళకు ఊరెందుకు మేడమ్మా, చేతులు చాలు” అంది. అంత కోపం పెట్టుకుని అంత మెల్లగా మాట్లాడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నా కోపమంతా నోట్లోనే ఉండేది. ఆమెది చేతిపనిలోకి పోయేది.

అది ఎంత దూరం పోయిందో ఒక వార్షికోత్సవం నాడు తెలిసింది. ఆ ఏడు నా మీద పడిన అంశం ‘చరిత్రలో రాజులూ రాణులూ’. అద్దె బట్టలు తెప్పిస్తే సగం దెయ్యాల వేషాలు, సగం పెళ్ళిబాజా వాళ్ళ కోట్లు. ఆమె ఆ మూట చూసి, “వీటితో రాజులు గాదమ్మా, సర్కస్ వస్తాది” అంది. నేను కుడతానంది. గోడ మీది పటాలే ఆమెకు కొలతలు. జహ్రాలో పాత మామా ఇంట్లో తీసేసిన మఖమలు తెరలు తెచ్చుకుంది. తలగుడ్డలు పాతబడినవి పోగుచేసి, అంగుళం అంగుళం మడిచి రాణి మెడపట్టీ చేసింది. మైదాతో గంజి. స్టీలు గరిటె కాడను పొయ్యి మీద వేడిచేసి ఒక్కొక్క కుచ్చునూ దాని మీద తిప్పి నిలబెట్టింది. మొదటిది మా ఇంట్లో చేశాం. ఫింటాస్ సముద్రపు గాలికి గంటలో వాలిపోయింది. ఆ పట్టీని సంచిలో వేసుకుని జహ్రా పోయింది, మళ్ళీ గంజి పెట్టి అక్కడి ఎండుగాలిలో ఆరబెట్టి, టోపీల డబ్బాలో పెట్టుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకు తెచ్చింది. రాణి వేషం వేసిన ఏడో తరగతి పిల్ల మెడ తిప్పలేకపోతున్నానని గోల పెడితే, “రాణివైతివి కదే, పక్కకు చూడాల్సిన పనేముంది” అని ముత్యాలు సర్దింది.

పది జతలు. చూసినవాళ్ళు నోరు తెరిచారు. నాకు శాలువా కప్పారు. బట్టల్ని బడి ముందు హాల్లో అద్దాల బీరువాలో పెట్టారు. లోపల ఇంగ్లీషులో ఒక చీటీ: దుస్తుల రూపకల్పన అని, కింద నా పేరు. ఒక్క నా పేరే.

ఇప్పటిదాకా మిమ్మల్ని తిట్టాను కదా కార్యదర్శి గారూ, ఇక్కడినుంచి వినండి.

ఆ బీరువా అద్దం తుడిచే పని కూడా ఆమెదే. ఒకరోజు నన్ను ఆపి, “చీటీలో ఏం రాసినారు మేడమ్మా?” అని అడిగింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. నేను తడుముకోలేదు. “మనం చేశామని రాశారు” అన్నాను. ఎంత చక్కటి మాట చూడండి. మేము అంటే ఆమె బయట ఉండిపోతుంది, మనం అంటే లోపలికొస్తుంది. చీటీలో లేని మనిషిని ఒక్క సున్నాతో చీటీలోకి తెచ్చేశాను. ఆమె తలూపి అద్దం ఇంకోసారి తుడిచింది.

పది రోజులకు, నాలుగో తరగతి పిల్ల చేత చదివించుకుందట. నా గదికి వచ్చింది. నేలేం తుడవలేదు. తలుపు దగ్గర నిలబడింది.

“మేడమ్మా, రాజు ఒక్కడే ఉండి గూడా కాగితాల్లో మేము అని రాసుకుంటాడని పిల్లోళ్ళకు చెప్తాంటివి గదా. నువ్వు మొన్న మనం అంటివే, అది గూడా ఆ లెక్కేనా?”

నేను చీటీ మార్పిస్తానన్నాను. “సరేలేమ్మా, తొందరేం ల్యా” అంది. ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. తనిఖీ అయ్యాక చూద్దామన్నారు. తనిఖీ అయింది, సెలవులయ్యాయి, నేను రిటైరయ్యాను. ఆమె మళ్ళీ అడగలేదు. మా ఇంటికి వచ్చేది, మనవరాలి గౌనుకు కుట్లేసేది, రాణుల గురించి కబుర్లు చెప్పేది. నేను ఆ మాట ఎత్తుతానేమోనని చూసేదేమో కూడా నాకు తెలియదు. నేను ఎత్తలేదు. ఆమెకు ఏ దేశపు రాజూ చేయని పని నేను చేశాను. వాళ్ళు ఆమె ఊరి పేరు అడగలేదు, అంతే. నాకు పేరూ తెలుసు, ఊరూ తెలుసు, ఆ గరిటె కాడ వేడికి వేళ్ళు ఎక్కడ కాలాయో తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

శవపెట్టె రాజంపేట చేరిన మర్నాడు ఆమె కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి కూడా అక్కడ మిషన్ కుట్టుకుంటుంది.

“పెద్దమ్మా, పెట్టె కాగితాల్లో అమ్మ పని క్లీనర్ అని రాసినారు. అమ్మ టైలరు గదా. రాణులకు గౌన్లు కుట్టిందంటే ఈడ నవ్వుతాండారు. ఆ బట్టల ఫొటో ఒకటి పంపిచ్చు. చీటీ గూడా కనపడాల. మీ ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉండాయంట గదా. అమ్మ చెప్పింది.”

నిజం తెలిశాక కూడా కూతురితో ఆ మాట చెప్పింది ఆమె. నా అబద్ధాన్ని నాకోసం మోసిందో, కూతురి ముందు తన తలగుడ్డ నిలబెట్టుకుందో, ఇక అడగడానికి మనిషి లేదు.

“లేదమ్మా, నా పేరొక్కటే ఉంది. అది తప్పు” అన్నాను.

అవతల మిషన్ ఆగిన చప్పుడు. “అయితే అమ్మ నాతో అట్లెందుకు చెప్పె?”

“తెలియదు తల్లీ. చీటీ మారుస్తాను. మార్చాకే ఫొటో పంపుతాను.”

“నెల మాసికానికి ఫ్రేము కట్టిచ్చుకుంటా పెద్దమ్మా. అందరూ వస్తారు ఆ పొద్దు,” అని పెట్టేసింది. కోపగించుకోలేదు. తిట్టినా బాగుండేది.

నిన్న ప్రిన్సిపాల్ గారితో ఫోన్లో మాట్లాడాను. రికార్డుల్లో ఆమె ఆయా మాత్రమే, టైలర్ అని ఎలా పెడతామన్నారు. రికార్డుల్లో ఎనిమిదో హెన్రీ ధర్మరక్షకుడు అని ఉంది, దాన్ని మీ పిల్లలకు నేను ముప్ఫై ఏళ్ళు చెప్పానుగా, ఇదొక్కటి మీరు చెప్పలేరా అన్నాను. నేను చెప్పిన మర్యాదకరమైన మాట అదొక్కటే. మిగతావి ఈ పత్రికలో అచ్చు వేయరు. చివరికి సరేనన్నారు.

కాబట్టి కార్యదర్శి గారూ, ఈ సంచిక ప్రూఫు ముందు చదివేది మీరే గనక పని మీకే చెబుతున్నాను. మీ అబ్బాయిని రోజూ ఆ బడి దగ్గరే దింపుతారు. ఇక్కడ బడి వారం మొదలయ్యే ఆదివారం పావుగంట ముందు బయల్దేరండి. ఆఫీసులో తాళంచెవి అడగండి, ప్రిన్సిపాల్ గారు చెప్పి ఉంచారు. ఈ కాగితాలతో పంపిన చిన్న కవర్లో అట్టముక్క ఉంది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఆమె పేరు, కింద ‘టైలర్’ అని నా చేత్తో రాశాను. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. పత్రిక చదివి పక్కన పడేస్తారు, పోయి బీరువా దగ్గర నిలబడి చదువుకోండి. పాత చీటీ గోటితో గీకకండి, అద్దం మీద గీతలు పడతాయి. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ రెండు నిమిషాలు అదిమి ఉంచితే జిగురు ఊడుతుంది. కొత్తది అదే చోట, వంకర లేకుండా పెట్టండి. తర్వాత ఫొటో. పది జతలూ పడాలి, చీటీ అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాలి. పైన ట్యూబులైటు ఆర్పించండి. అద్దంలో మీ మొహం పడకుండా కొంచెం పక్కకు జరిగి నిలబడండి.